ప్రాసెసర్ మార్చాక ల్యాప్‌టాప్ లేవకపోతే: ముందు పాత చిప్పు ఎక్కడుందో చూసుకోండి

మొన్న జనవరిలో మా మేనల్లుడు నాలుగు ముక్కలైన ల్యాప్‌టాప్‌ను ఒక అట్టపెట్టెలో తెచ్చి, మా హాల్లో చాప మీద పరిచాడు. "మామా, ఫ్యాన్ తిరుగుతాంది, లైటు వెలుగుతాంది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండాది. బోర్డు పోయిందంటావా?" అన్నాడు. ముందురోజే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి సెకండ్ హ్యాండ్ ఐ7 ప్రాసెసర్ ఒకటి కొనుక్కుని, రాత్రి బండికి అనంతపురంలో దిగాడంట. మా ఊరి వాళ్లకు ఇలాంటి పార్టుల కోసం హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. అక్కడ దొరకని వస్తువుండదు, వాపసు తీసుకునే అంగడి దొరకడమే కష్టం.

"బోర్డు సంగతి తర్వాత, పాత ప్రాసెసర్ ఏదిరా?" అని అడిగాను. చొక్కా జేబులోంచి టిష్యూ పేపర్లో చుట్టిన ఐ3 తీశాడు. సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

ఎందుకంటే ఇలాంటప్పుడు తప్పు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: కొత్తగా పెట్టిన ప్రాసెసర్లో, బయాస్‌తో (ఆన్ చేయగానే ముందుగా లేచే బోర్డు సొంత ప్రోగ్రాంతో) కలిపి బోర్డులో, లేదా విప్పి బిగించిన మన చేతిలో. ఈ మూడింట్లో ఏదో తేల్చిచెప్పే పరికరం వేలు పోసినా కొత్తగా దొరకదు. నిన్నటిదాకా అదే బోర్డు మీద నడిచిన పాత ప్రాసెసరే ఆ పరికరం. దాన్ని అమ్మేసి ఉంటే, పారేసి ఉంటే, ముందు అలాంటిదే ఒకటి అప్పు తెచ్చుకోండి. అది లేకుండా చేసేదంతా గుడ్డి వైద్యం.

అసలు మార్చుకోగలిగేదేనా?

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సాకెట్‌లో, అంటే బోర్డు మీది గూట్లో, కూర్చునే ప్రాసెసర్లు నాలుగో తరంతో ఆగిపోయాయి. ఐదో తరం నుంచి ప్రాసెసర్ బోర్డుకే టంకం వేసి వస్తోంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ పెట్టే కొన్ని బరువైన గేమింగ్ మోడళ్లను లెక్కలోంచి తీసేద్దాం. నాలుగో తరం, అంతకన్నా పాతవాటిలో కూడా పేరు చివర 'యు' అని ఉంటే అది అతికించిందే. 'ఎం' అని ఉన్నంత మాత్రాన ధైర్యం పడకూడదు. ఐ5-3210ఎం పిన్నులతోనూ వచ్చింది, కింద టంకం గుండ్లతోనూ వచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోలో వెనక వైపు చూపించమని అడగండి. పిన్నులు కనపడకపోతే వదిలేయండి.

ఇప్పుడు మెషీన్ మన ముందుంది, లేవడం లేదు అనుకుందాం.

సైగలు చదవడం

'ఆన్ కావట్లేదు' అనే ఒక్క మాటతో పని జరగదు. ఏం జరుగుతోందో కాగితం మీద రాసుకోండి. బటన్ నొక్కితే ఏ లైటూ వెలగడం లేదా? లైటు, ఫ్యాన్ ఉన్నాయి గానీ డిస్‌ప్లే లేదా? రెండు మూడు సెకన్లకోసారి ఆగి మళ్లీ దానంతటదే మొదలవుతోందా? లోగో దాకా వచ్చి ఆగిపోతోందా? ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది.

క్యాప్స్‌లాక్ లైటు మినుకులు, బీప్ శబ్దాలు ఉంటే లెక్కపెట్టండి. పాత హెచ్‌పీ నోట్‌బుక్‌లలో క్యాప్స్‌లాక్ ఒక్కసారి మెరిసి ఆగుతుంటే ప్రాసెసర్ పలకడం లేదని అర్థం. రెండుసార్లయితే బయాస్ చెడిందని, మూడుసార్లయితే ర్యామ్ దగ్గర తేడా అని. ఆ కాలపు డెల్ మోడళ్లలో ఏడు బీపులు ప్రాసెసర్‌వి, రెండు గానీ నాలుగు గానీ అయితే ర్యామ్‌వి. ఐదు బీపులు వస్తే భయపడక్కర్లేదు. అది లోపలి గడియారపు బ్యాటరీ గోల. మోడల్‌ను బట్టి ఈ లెక్కలు మారతాయి కాబట్టి మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని చూడండి. ఆ మాన్యువల్ ఇంకా చాలాసార్లు పనికొస్తుంది.

ఒక చిన్న హెచ్చరిక. ప్రాసెసర్ మారిన తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని మెషీన్లు ర్యామ్‌తో కొత్తగా పరిచయం చేసుకుంటూ ఒకట్రెండు సార్లు ఆగి లేస్తాయి, లేదా నల్ల స్క్రీన్‌తోనే కాసేపు ఉంటాయి. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు పలక), ఫ్యాన్ సరిగ్గా బిగించి ఉంటే మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదలండి. హీట్‌సింక్ లేకుండా మాత్రం 'ఒక్క సెకను చూద్దాం' అని కూడా ఆన్ చేయొద్దు.

కరెంటు పూర్తిగా దించేయండి

చార్జర్ పీకండి, బ్యాటరీ తీయండి. పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. తర్వాత రెండు వైర్లతో తగిలించిన నాణెం లాంటి బ్యాటరీని ఊడదీసి, ఒక పది నిమిషాలు ఆగి పెట్టండి. బయాస్ పాత సెట్టింగులు మర్చిపోతుంది. ఈ రెండు పనులతోనే లేచి కూర్చున్న మెషీన్లు నాకు తగిలాయి.

మా దగ్గర చలికాలంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. ఉన్ని స్వెటర్ విప్పితే చిటపటలాడుతుంది. ఆ స్వెటర్‌తోనే బోర్డు ముట్టుకోవద్దు. ముందు కిటికీ ఇనుప ఊచ పట్టుకుని ఒంట్లోని చార్జి దించుకుని అప్పుడు కూర్చోండి. చాప మీద పని చేయడం నాకూ అలవాటే. కానీ ప్లాస్టిక్ చాప కన్నా కొయ్య బల్ల మేలు.

ఇక అనవసరమైనవన్నీ తీసేయండి. హార్డ్‌డిస్క్, డీవీడీ డ్రైవ్, వైఫై కార్డు ఏవీ వద్దు. ఒక ర్యామ్ ముక్క, ప్రాసెసర్, హీట్‌సింక్, ఫ్యాన్, స్క్రీన్, పవర్ బటన్ ఉంటే చాలు. విండోస్ ఎక్కించడం మన లక్ష్యం కాదు. కంపెనీ లోగో ఒక్కసారి కనపడితే ఈ మెట్టు దాటినట్టే.

పాతది వెనక్కి పెట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. కొత్తది పెట్టాలనే ఆత్రంలో వెనక్కి పోవడానికి మనసొప్పదు. మావాడూ అంతే, "మళ్లీ విప్పాలా మామా?" అన్నాడు. విప్పాలి.

ల్యాప్‌టాప్ సాకెట్‌కు డెస్క్‌టాప్‌లాగా మీట ఉండదు. పక్కన ఒక స్క్రూ ఉంటుంది, దాని దగ్గర తెరిచిన తాళం, వేసిన తాళం బొమ్మలు చెక్కి ఉంటాయి. చదును మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని తెరిచిన తాళం వైపు తిప్పితే ప్రాసెసర్ వదులవుతుంది. నిటారుగా ఎత్తండి. పెట్టేటప్పుడు ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలపండి. దాని బరువుకు అదే దిగాలి. వేలితో అదిమితేగానీ దిగడం లేదంటే ఆగండి, ఏదో తేడా ఉంది. దిగాక తాళం వైపు తిప్పేటప్పుడు పైరేకు కొద్దిగా పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడుకు ప్రాసెసర్ లేవకుండా వేలితో మెల్లగా ఆనించి పట్టుకోండి. తాళం వేయడమే మర్చిపోయి 'బోర్డు డెడ్' అని నిర్ధారించుకున్నవాళ్లను నేనే ఇద్దరిని చూశాను. అందులో ఒకడిని నేనే.

తర్వాత పేస్ట్, అంటే ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు అందించే పూత. పాత పేస్ట్‌ను స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టి, హీట్‌సింక్ స్క్రూలను వాటి పక్కన అచ్చువేసిన 1, 2, 3, 4 వరసలో, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా బిగించండి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు పైన లోహపు టోపీ ఉండదు, సిలికాన్ ముక్క నేరుగా బయటికి కనపడుతుంది. ఒక మూల ఒకేసారి బిగిస్తే ఆ ముక్క అంచు పగులుతుంది. అలా పగిలినది ఇక బాగుపడదు.

ఇప్పుడు ఆన్ చేయండి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది.

పాతదానితో కూడా లేవకపోతే: తప్పు మన చేతిది

మా మేనల్లుడికి ఇదే జరిగింది. ఐ3 పెట్టినా నల్ల స్క్రీనే. వాడి మొహం ఇంకా వాడిపోయింది. నాకు మాత్రం అది శుభవార్తలాగే అనిపించింది. నిన్నటిదాకా నడిచిన చిప్పు నేడు నడవలేదంటే, మధ్యలో కదిలింది ఏదో ఉందన్నమాట. దాన్ని పట్టుకోవచ్చు.

ర్యామ్‌తో మొదలుపెట్టండి. ర్యామ్‌ను ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా కొక్కేలు 'టక్కు'మనాలి. ఒక పక్కే టక్కుమంటే కుదరదు. బంగారు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, ఒక్క ముక్కను ఒక స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. మావాడి కథలో మొదటి దొంగ దొరికింది ఇక్కడే. ర్యామ్ ఒక వైపు కొక్కెం పట్టలేదు. సరిచేయగానే ఐ3తో లోగో వచ్చింది. ఐ7 కథ ఇంకా అలాగే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఒక స్లాట్‌లో పనిచేసి, రెండో స్లాట్‌లో పెడితే లేవకపోవడం అనేది మంచి ఆనవాలు. ఈ తరం ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే భాగం ప్రాసెసర్ లోపలే ఉంటుంది. కాబట్టి ఒక స్లాట్ చచ్చిపోయిందంటే, స్లాట్‌ను తిట్టే ముందు ప్రాసెసర్ కింద ఒక పిన్ను వంగి ఉందేమో, చిప్పు పూర్తిగా కూర్చోలేదేమో చూడాలి.

ఏ లైటూ వెలగకపోతే పవర్ బటన్ నుంచి బోర్డుకు వచ్చే సన్నటి పట్టీ కేబుల్‌ను అనుమానించండి. దానికి ఒక చిన్న గొళ్లెం ఉంటుంది. కొన్నింట్లో పైకెత్తాలి, కొన్నింట్లో బయటికి లాగాలి. గొళ్లెం వేయకుండా పట్టీని దూర్చి వదిలేస్తే చూడ్డానికి తగిలించినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. చార్జర్ జాక్ కేబుల్, స్క్రీన్ కేబుల్ కూడా అలాగే నొక్కి చూడండి. ఫ్యాన్ వైరు తగిలించకపోతే కొన్ని మోడళ్లు ఫ్యాన్ ఎర్రర్ చూపించి వెంటనే ఆగిపోతాయి. స్క్రీన్ మీద అనుమానం ఉంటే బయటి మానిటర్‌కో టీవీకో తగిలించి చూడండి.

బోర్డు కింద మిగిలిపోయిన స్క్రూ, పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగించడం, ప్రాసెసర్ చుట్టూ ఉన్న బుల్లి కెపాసిటర్ల మీదికి పొంగిన వెండి పేస్ట్, ఇవన్నీ షార్ట్ చేయగలవు. కరెంటు పారనివ్వని (నాన్-కండక్టివ్) పేస్ట్ అయితే ఆ భయం లేదు.

ఇవన్నీ చూసినా పాతదానితో లేవకపోతే, సాకెట్‌ను టార్చి వేసి చూసి, చిప్ లెవెల్ సర్వీసు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ 'ప్రాసెసర్ మార్చబోయాను' అని నిజం చెప్పండి. దాచితే వాడు ఉదయమంతా చార్జింగ్ లైన్ వెతుకుతాడు, ఆ గంటలకు డబ్బు కట్టేది మీరే.

పాతదానితో లేచి, కొత్తదానితో లేవకపోతే

బోర్డు బాగుంది, మీ చేయీ బాగుంది. ఇక అనుమానం కొత్త చిప్పు మీదే. అది చెడిపోయినదైనా అయ్యుండాలి, ఈ బోర్డుకు పరిచయం లేనిదైనా అయ్యుండాలి.

ముందు దాని పిన్నులు చూడండి. ఫోన్ కెమెరాను జూమ్ చేసి నాలుగు వైపుల నుంచీ, వరస వెంబడి చూస్తే వంగిన పిన్ను పంక్తిలో తప్పుకున్న మనిషిలా కనపడుతుంది. పిన్నులు సాకెట్‌లో కాకుండా చిప్పుకే ఉండటం మన అదృష్టం. ములుకు తీసేసిన 0.5 మిల్లీమీటర్ల పెన్‌పెన్సిల్ గొట్టాన్ని పిన్నుకు తొడిగి, కొద్దికొద్దిగా నిలబెట్టొచ్చు. ఒకే పిన్నును ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది.

పిన్నులు బాగుంటే చిప్పు మీద రాత చదవండి. మార్కెట్‌కు వచ్చిన ప్రాసెసర్ మీద ఎస్ఎల్ గానీ ఎస్ఆర్ గానీ మొదట్లో ఉండే ఐదక్షరాల కోడ్ ఉంటుంది. ఉదాహరణకు ఎస్ఆర్048 అంటే ఐ5-2520ఎం. దాని బదులు 'క్యూ'తో మొదలయ్యే నాలుగు అక్షరాలు, 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అన్న మాట కనపడితే అది పరీక్షల కోసం తయారైన నమూనా. చౌకగా దొరకడానికి కారణం అదే. చాలా బయాస్‌లు దాన్ని గుర్తుపట్టవు.

తర్వాత తరం. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు, ఎందుకంటే సాకెట్‌లో పట్టినంత మాత్రాన నడవాలని లేదు. మొదటి తరం ప్రాసెసర్ల జీ1 సాకెట్, రెండు మూడు తరాల జీ2 సాకెట్, రెండూ 988 పిన్నులవే. అయినా ఒకదానిది ఇంకోదాంట్లో నడవదు. నాలుగో తరానిది జీ3, అది మళ్లీ వేరు. పాత కోర్ 2 డుయో మెషీన్లయితే సాకెట్ ఒకటే అయినా బస్ వేగం, అంటే ప్రాసెసర్‌కూ చిప్‌సెట్‌కూ (బోర్డు మీద ప్రాసెసర్‌కు తోడుండే చిప్‌కు) మధ్య డేటా నడిచే వేగం చూడాలి. జీఎం965 చిప్‌సెట్ 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, 1066 బస్ ప్రాసెసర్ కావాలంటే జీఎం45 లాంటిది ఉండాలి.

రెండో తరం నుంచి మూడో తరానికి పోవడం అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. 2011లో రెండో తరంతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో హెచ్ఎం65, హెచ్ఎం67 చిప్‌సెట్లుంటాయి. మూడో తరం ప్రాసెసర్ వాటి సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, తాళం కూడా పడుతుంది. నడవాలంటే కొత్త బయాస్‌తో పాటు చిప్‌సెట్ లోపలి మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ 8వ వెర్షన్ కావాలి. చాలా మోడళ్లకు ఆ అప్‌డేట్ రాలేదు. మావాడి రెండో దొంగ ఇదే. వాడు తెచ్చింది ఐ7-3632క్యూఎం, మూడో తరానిది. బోర్డు హెచ్ఎం65. అంగడివాడు అబద్ధం చెప్పలేదు. "ఈ సాకెట్‌కు పడుతుందా?" అని అడిగితే "పడుతుంది" అన్నాడు. అడగాల్సింది చిప్‌సెట్ గురించి.

ఇంకో వింత కేసు ఉంది. మొదటి తరంలోని నాలుగు కోర్ల ఐ7లు, అంటే 720క్యూఎం, 740క్యూఎం లాంటివి, వాటిలో గ్రాఫిక్స్ భాగమే లేదు. విడిగా గ్రాఫిక్స్ చిప్ లేని ల్యాప్‌టాప్‌లో అది పెడితే బొమ్మ గీసేవాళ్లే ఉండరు. ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది, బయటి మానిటర్‌లోనూ ఏమీ రాదు. చిప్పు చెడిపోలేదు. ఆ ఇంటికి సరిపడే చిప్పు కాదంతే.

వాట్లు కూడా చూడండి. అదే బోర్డుతో కంపెనీ 35 వాట్ల ప్రాసెసర్లు మాత్రమే అమ్మి ఉంటే, 45 వాట్ల నాలుగు కోర్ల దాన్ని బయాస్ తిరస్కరించొచ్చు, లేదా ఒప్పుకున్నా హీట్‌సింక్ చాలకపోవచ్చు. ఇవన్నీ ఊహించనక్కర్లేదు. సర్వీస్ మాన్యువల్‌లో ఆ మోడల్‌కు కంపెనీ వాడిన ప్రాసెసర్ల పట్టిక పార్ట్ నంబర్లతో సహా ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నదే కొనండి. నా సలహా మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది, మిగతాదంతా దీన్ని పాటించనివాళ్ల కోసం.

బయాస్ అప్‌డేట్: పాత ప్రాసెసర్‌తోనే, కరెంటు చూసుకుని

పట్టికలో కొత్తది ఉంది, అయినా లేవడం లేదంటే బయాస్ పాతదై ఉండొచ్చు. పాత ప్రాసెసర్ పెట్టి, కంపెనీ వెబ్‌సైట్‌లో సరిగ్గా మీ మోడల్‌కు ఉన్న చివరి బయాస్ ఎక్కించాలి. ఈ పనికి చార్జర్‌తో పాటు చార్జింగ్ ఉన్న బ్యాటరీ కూడా తప్పనిసరి. మే నెల మధ్యాహ్నం, మబ్బు పట్టి గాలి లేచిన సాయంత్రం మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మధ్యలో పోతే బోర్డు నిజంగానే డెడ్ అవుతుంది. పాత బ్యాటరీ చార్జి నిలవకపోతే అదే మోడల్ బ్యాటరీ అప్పు తెచ్చుకోండి.

అలా చెడితే దారి లేకపోలేదు. చాలా హెచ్‌పీ మోడళ్లలో బయాస్ ఫైలున్న పెన్‌డ్రైవ్ పెట్టి, విండోస్ బటన్, బి రెండూ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే అదే కోలుకుంటుంది. అదీ కుదరకపోతే సర్వీసువాళ్లు బోర్డు మీద బయాస్ ఉండే ఎనిమిది కాళ్ల ఐసీని ప్రోగ్రామర్‌తో మళ్లీ రాస్తారు. రాయకముందు పాత డేటాను సేవ్ చేసి పెట్టమనండి. మీ సీరియల్ నంబరు లాంటివి అందులోనే ఉంటాయి.

లేచింది గానీ నిలవడం లేదు

కొన్ని నిమిషాల్లో ఆగిపోతుంటే వేడి. హీట్‌సింక్ విప్పి పేస్ట్ ముద్ర చూడండి, మధ్యలో పలచగా సమంగా పరుచుకుని ఉండాలి. ఒక వైపు ముద్దగా ఉందంటే ఆ వైపు ఆనలేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో వేడి చూడండి. ఈ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే ఒక్కసారిగా ఆగిపోతాయి. మా జిల్లాలో జూన్ గాలికి ఎగిరే ఎర్రమట్టి ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ విప్పితేనే కనపడుతుంది, బయటి నుంచి ఊదితే పోదు.

గడియారం పెట్టినట్టు ప్రతిసారీ అరగంటకే ఆగిపోతుంటే మాత్రం వేడి కాదు. చిప్‌సెట్ పేరు చూడండి. హెచ్ఎం70 అయితే అది సెలరాన్, పెంటియం ప్రాసెసర్ల కోసమే చేసినది. ఐ3, ఐ5, ఐ7 పెడితే ఆన్ అవుతుంది, 30 నిమిషాలకు ఆపేస్తుంది. పేస్ట్ ఎన్నిసార్లు మార్చినా అంతే.

ఆగదు, కానీ పాతదానికన్నా నత్తనడక అంటే చార్జర్‌ను చూడండి. 65 వాట్ల చార్జర్ మీద నడిచినదానికి ఇప్పుడు 90 వాట్లు కావాలేమో. డెల్ చార్జర్లలో మధ్య సన్నటి పిన్ను విరిగి, ల్యాప్‌టాప్ చార్జర్‌ను గుర్తుపట్టకపోయినా ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది.

మా మేనల్లుడు తర్వాతి ఆదివారం మళ్లీ బెంగళూరు బండెక్కాడు, ఈసారి మాన్యువల్ పట్టికను ఫోన్‌లో ఫొటో తీసుకుని. అంగడివాడు కొంత తగ్గించుకుని ఐ7-2640ఎం ఇచ్చాడు. రెండో తరం, 35 వాట్లు, పట్టికలో ఉన్నదే. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి లోగో చూపించాడు. "బాగుంది లే అబ్బీ, ఐ3 ఎక్కడ పెట్టినావ్?" అన్నాను. "ఇంకెందుకు మామా అది, ఫ్రెండ్ అడిగితే ఇచ్చేసినా" అన్నాడు.